లైమ్ జబ్బుతో వైజాగ్‌లో: దీని పరిశోధనకి మన ఊరి నుంచి ఏమైనా చేయగలమా?

ఎంవీపీ_అమ్మాయి
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. మాది ఎంవీపీ కాలనీ. పెళ్లయ్యాక కొన్నేళ్లు అమెరికాలో, కనెక్టికట్‌లో ఉన్నాం. ఇంటి వెనకే చెట్లు, జింకలు పెరట్లోకి వచ్చేసేవి, మాకదో ముచ్చట. అక్కడి పిడుదులు కుడితే లైమ్ అనే జబ్బు వస్తుందని ఆ ఊళ్లో స్కూలు పిల్లలకి కూడా తెలుసు, వలస వెళ్లిన మనలాంటి వాళ్లకి ఎవరు చెప్తారు? కుట్టిన చోట చర్మం మీద వస్తుందని అందరూ చెప్పే ఎర్రటి వలయం నాకు కనపడలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఫ్లూ అన్నారు. కొన్ని నెలలకి మోకాలు వాచిపోయి కాలు మడవలేని స్థితి వచ్చాక రక్తపరీక్ష చేస్తే లైమ్ అని తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడాను, వాపు తగ్గింది. నీరసం, కీళ్ల పోట్లు, మతిమరుపు మాత్రం నాతోపాటే విమానమెక్కి వైజాగ్ వచ్చేశాయి.

నీరసం అంటే జనం ఏమనుకుంటారో నాకు తెలుసు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఉదయం బాగానే లేస్తాను. పిల్లాడికి డబ్బా కట్టి, స్నానం చేసి, రైతు బజారుకి వెళ్తాను. టమాటాలు తూయించి, డబ్బులిచ్చి, చిల్లర తీసుకున్నానో లేదో గుర్తుండదు. ఒక్కోసారి అక్కడే ఆకుకూరల ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుండిపోతాను, ఆమెకి అలవాటైపోయింది, ఏమీ అడక్కుండా కాస్త జరుగుతుంది. ఒకరోజు ఓపిక ఉంది కదా అని ఇల్లు సర్దితే ఆ మర్నాడు, ఆ పై మర్నాడు మంచం దిగలేను. చుట్టాలేమో "మనిషి నిక్షేపంలా ఉందిగా" అంటారు. రిపోర్టులన్నీ నార్మల్, నేను తప్ప.

ఇంతకీ అడగాలనుకున్నది ఇది. దీని మీద పరిశోధనకి ఏదో ఒకటి చేయాలని ఉంది. చందాలు పోగెయ్యడమా, నడక లాంటి కార్యక్రమం పెట్టడమా, మరేదైనానా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. సానుభూతి వద్దు, దారి చెప్పండి చాలు.

గాజువాక_గణ
తప్పుగా అనుకోవద్దు మేడమ్, ముక్కుసూటిగా అడుగుతున్నాను. ఇది అమెరికా జబ్బు. వాళ్ల దగ్గర డబ్బుకి లోటేటి? ఇక్కడ మన కాలనీలో ఏటా డెంగీ, మలేరియా. కేజీహెచ్‌లో వానాకాలం వార్డులు చూశారా ఎప్పుడైనా? వైజాగ్‌లో చందా అడిగితే "ఆ జబ్బు ఇక్కడ ఎవరికుంది" అని మొదటి ఇంట్లోనే అడుగుతారు. దానికి మీ జవాబేటి?

ఎంవీపీ_అమ్మాయి
మంచి ప్రశ్నే. జవాబు నా దగ్గర లేదు, అందుకే ఇక్కడికొచ్చాను.

ల్యాబ్_కోట్
నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. గణ గారి ప్రశ్నకి ముందు నాలుగు సంగతులు చెప్పుకోవాలి.

ఈ జబ్బుకి కారణం బొరేలియా బర్గ్‌డార్ఫెరి అనే మెలికల బాక్టీరియా. 1970ల్లో కనెక్టికట్‌లో లైమ్ అనే ఊళ్లో, ఆ చుట్టుపక్కల, పిల్లలకి వరసగా కీళ్లవాపులు వచ్చాయి. పాలీ మర్రీ అనే తల్లి ఎవరికెప్పుడు ఏం వచ్చిందో రాసిపెట్టుకుని 1975లో ఆరోగ్య శాఖ వాళ్ల దగ్గరికి వెళ్లింది. అప్పుడు యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ వచ్చి విచారించారు. బాక్టీరియాని 1981లో పిడుదుల పొట్టలో కనిపెట్టింది విలీ బర్గ్‌డార్ఫర్, అందుకే ఆ పేరు. ఇప్పుడు అమెరికాలో ఏటా 4 లక్షల 76 వేల మంది దీనికి వైద్యం తీసుకుంటున్నారని వాళ్ల సీడీసీ అంచనా. అధికారికంగా నమోదయ్యేవి అందులో చిన్న భాగమే, 2023లో 89 వేల పైచిలుకు.

మన దేశంలో హిమాలయ రాష్ట్రాల నుంచి, ఈశాన్యం నుంచి, కర్ణాటక అడవుల వైపు నుంచి అడపాదడపా రిపోర్టులున్నాయి. కోస్తాలో మామూలుగా చూసే జబ్బు కాదు. కాబట్టి ఈ థ్రెడ్ చదివి "నాకూ నీరసంగా ఉంది, లైమ్ టెస్టు చేయించుకుంటా" అని ఎవరూ పరిగెత్తొద్దు. జబ్బు లేని చోట ఆ టెస్టు చేస్తే వచ్చే పాజిటివ్‌లలో ఎక్కువ తప్పుడువే ఉంటాయి. ముందు ఎలైసా అనే రక్తపరీక్ష, అది పాజిటివ్ అయితేనే వెస్టర్న్ బ్లాట్ అనే రెండో పరీక్ష, అందులో ఐజీజీ అనే రకం యాంటీబాడీలకి పది గీతల్లో కనీసం ఐదు రావాలి. ఒకటో రెండో గీతలు చూపించి "మీకు లైమ్ ఉంది" అంటే నమ్మకండి. ఇంకో తిరకాసు ఏంటంటే మొదటి కొన్ని వారాల్లో యాంటీబాడీలు సరిపడా తయారవ్వవు, అప్పుడు నిజంగా జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. సరైన టెస్టు లేకపోవడమే ఈ జబ్బులో సగం గొడవకి మూలం. ఒంట్లో క్రిమి ఇంకా ఉందా, పోయిందా అని ఖాయంగా చెప్పే టెస్టు కూడా లేదు.

టెన్నేటి_పార్క్
మా కుక్కకి ఒళ్లంతా పిడుదులే. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది. మా పాప దాంతోనే పడుకుంటుంది.

ల్యాబ్_కోట్
కంగారు పడకండి. మన కుక్కల మీద ఉండేది గోధుమరంగు పిడుదు, జాతి వేరు. లైమ్ తెచ్చేది ఇక్సోడిస్ జాతి, అందులో పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది కాబట్టే కుట్టినట్టు తెలియదు. మీ కుక్కకి మాత్రం వేరే జబ్బులు రావచ్చు, పశువైద్యుడికి చూపించండి. పాపకి పిడుదు అంటుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

పాడేరు_మాస్టారు
ఏజెన్సీలో బడిపంతుల్ని. గణ గారూ, "ఆ జబ్బు ఇక్కడ ఎవరికుంది" అన్నారు కదా. దాని పెద్దమ్మ కొడుకు లాంటిది ఇక్కడుంది. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడుతుంది, దాంట్లోంచి ఒరియెన్షియా అనే బాక్టీరియా ఎక్కుతుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గర బట్ట బిగిసే చోటో ఉంటుంది, పిల్లలు సిగ్గుతో చూపించరు. జ్వరం పది రోజులైనా దిగదు. మలేరియా అని మందులు మింగుతూ కూర్చుంటారు. నేను మా బళ్లో పిల్లల్ని పంపేటప్పుడు చీటీ రాసి పంపిస్తాను, "ఒంటి మీద నల్ల పొక్కు ఉందేమో చూడండి" అని. మందు ఏమిటనుకున్నారు? ఈ అమ్మ వాడిన డాక్సీసైక్లినే. వేళకి పడితే త్వరగా దిగిపోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు పట్టుకుని ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో సంగతి. జ్వరం తగ్గి ఇంటికొచ్చాక నెలల తరబడి తేరుకోని పెద్దవాళ్లని చూశాను. పొలం పనికి వెళ్లలేరు. "జ్వరం తగ్గిందిగా, ఇంకేంటి" అని ఇంట్లోనే మాటలు పడతారు. అది జబ్బు వల్లేనా, రక్తం తక్కువై నీరసమా, ఇంకేమైనానా అని అడిగేవాళ్లు లేరు.

ఎంవీపీ_అమ్మాయి
మాస్టారూ, ఆ చివరి పేరా మా అత్తగారికి చదివి వినిపించాను.

సీతమ్మధార_పిన్ని
అమ్మాయ్, ఇంత బాధ ఎందుకు పడుతున్నావు. మా ఆడపడుచు కూతురు విదేశంలో ఒక క్లినిక్‌కి వెళ్లింది, నెలల తరబడి సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించి, రక్తం శుభ్రం చేసి పంపారట. లక్షల్లో అయ్యింది కానీ ఇప్పుడు బావుందంటుంది. కావాలంటే అడ్రస్ కనుక్కుంటాను. చందాలు పోగేసేదేదో నీ వైద్యానికి పోగేసుకోవచ్చు కదా.

ల్యాబ్_కోట్
పిన్నిగారూ, మీ మంచిమనసు కాదనను, కానీ ఈ మాట మీద గట్టిగా అడ్డం పడాలి. వైద్యం పూర్తయ్యాక బాధలు మిగిలిపోయినవాళ్లకి నెలల తరబడి యాంటీబయాటిక్ ఇస్తే ఉపయోగముందా అని సరిగ్గా పరీక్షించి చూశారు. 2001లో అమెరికాలో క్లెంప్నర్ బృందం చేసినదాంట్లో డమ్మీ మందు వాడినవాళ్లకీ, అసలు మందు వాడినవాళ్లకీ తేడా లేదు. 2016లో నెదర్లాండ్స్‌లో 280 మంది మీద చేసినదాంట్లో, మొదటి రెండు వారాల సెలైన్ మందు తర్వాత ఇంకో 12 వారాలు పొడిగించినా అదనపు లాభం రాలేదు. నష్టాలు మాత్రం నిజం. రక్తనాళంలో పెట్టిన ఆ ట్యూబుకి ఇన్‌ఫెక్షన్ వచ్చి చనిపోయిన కేసు వైద్య పత్రికల్లో ఉంది. పేగుల్లో ప్రమాదకరమైన విరేచనాల క్రిమి పెరగడం ఇంకోటి. రక్తం కడగడానికైతే ఆధారమే లేదు.

కొందరు తమంతట తామే మెల్లగా మెరుగవుతారు, ఆ సమయంలో ఏ వైద్యం చేస్తే దానికి పేరొస్తుంది.

సీతమ్మధార_పిన్ని
సరే నాయనా, నాకేం తెలుసు, బాగుపడిందని చెప్తే నమ్మాను. కానీ మీ లెక్కలో అయితే ఈ పిల్ల ఏం చెయ్యాలి? "ఆధారం లేదు, ఆధారం లేదు" అని చెప్పి ఇంటికి పంపేస్తే అలాంటి క్లినిక్‌లకి కాక ఎక్కడికి వెళ్తారు?

ఎంవీపీ_అమ్మాయి
పిన్నిగారూ, మీరడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. నేనూ ఆ క్లినిక్‌ల వెబ్‌సైట్లు అర్ధరాత్రి తెరుచుకుని కూర్చున్నదాన్నే. వెళ్లలేదు, మా నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టాల్సి వచ్చేది. ప్రస్తుతం నేను చేస్తున్నది చెప్తాను, ఇది వైద్యం కాదు, బతకడం. పనిని ముక్కలు చేసుకుంటాను. కూరలు తరగడం రాత్రే, కూర్చునే. బాగున్న రోజున కూడా సగం దగ్గర ఆపేస్తాను, ఇదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే బాగున్న రోజు మనిషికి ఆశ పుడుతుంది. థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, నిద్ర, ఇవి విడిగా చూపించుకున్నాను, ఒకటి తక్కువుంటే దాన్ని సరిచేశారు, కొంత తేడా తెలిసింది. మా ఇప్పటి డాక్టరుగారు "ఇది నాకు కొత్త, కానీ మీరు చెప్పేది నమ్ముతున్నాను" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

న్యూజెర్సీ_వైజాగ్
మాది అక్కయ్యపాలెం, ఉండేది న్యూజెర్సీలో. ఇక్కడ వేసవిలో పిల్లలు పెరట్లోంచి రాగానే చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో, జుట్టులో వెతకడం మా ఇంట్లో రోజువారీ తంతు. అంటుకున్న పిడుదుని ఒక రోజులోపు తీసేస్తే జబ్బు ఎక్కే అవకాశం బాగా తక్కువ, అందుకే ఈ వెతుకులాట.

పరిశోధన సంగతికొస్తే, ఇక్కడ డబ్బు కదిలింది చాలావరకు రోగులు, వాళ్ల ఇంటివాళ్లు అడగబట్టే. గ్లోబల్ లైమ్ అలయన్స్, బే ఏరియా లైమ్ ఫౌండేషన్ లాంటివి అలా పుట్టినవే. జాన్స్ హాప్కిన్స్‌లో, కొలంబియాలో, ఈ రెండు యూనివర్సిటీల్లో, దీనికోసమే కేంద్రాలున్నాయి. 2019లో పిడుదుల జబ్బుల మీద పరిశోధనకి కే హేగన్ టిక్ చట్టం వచ్చింది, ఆవిడ మాజీ సెనేటర్, పిడుదు వల్ల వచ్చిన మరో వైరస్ జబ్బుతో పోయారు. టీకా కథైతే వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1998లో ఒకటి వచ్చింది, 2002లో అమ్మకాలు లేవని కంపెనీ వెనక్కి తీసేసుకుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కుక్కలకి టీకా ఉంది, మనుషులకి లేదు.

పరిశోధనలో నాకు ఆశ కలిగించింది ఒకటి. ఈ బాక్టీరియా చచ్చాక కూడా దాని గోడ ముక్కలు ఒంట్లో మిగిలిపోయి కీళ్లలో మంట రేపుతున్నాయా అని బ్రాండన్ జూట్రాస్ అనే శాస్త్రవేత్త బృందం చూస్తోంది, 2019లో కీళ్లనీరులో ఆ ముక్కలు దొరికాయని ప్రచురించారు. క్రిమి లేకపోయినా బాధ ఎందుకుంటుందో దానివల్ల కొంత అర్థమవుతుంది. ఇలాంటి పనికి నేను డాలర్లు ఇవ్వగలను, మా కంపెనీ అంతే మొత్తం కలుపుతుంది. మరి వైజాగ్ నుంచి కూడా పంపితే?

లెక్కల_బాబాయ్
చార్టర్డ్ అకౌంటెంట్‌ని, ఉచిత సలహా, తర్వాత ఫీజు అడగను. వరసగా చెప్తాను, బోరు కొట్టినా చదవండి, ఎందుకంటే మంచి పనులు మునిగేది ఇక్కడే.

వైజాగ్ నుంచి విదేశీ సంస్థకి విరాళం పంపడం నేరం కాదు. రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, విరాళాలూ అందులోకే వస్తాయి. కానీ విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను రాయితీ, అదే 80జీ, రాదు. పైగా ఏడాదిలో పంపినవన్నీ కలిపి 10 లక్షలు దాటితే ఆ పై మొత్తానికి బ్యాంకు టీసీఎస్ అని ముందుగానే పన్ను పట్టుకుంటుంది, తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చనుకోండి. పదిమంది దగ్గర ఫోన్‌పేలో మీ సొంత ఖాతాలోకి పోగేసి మీ పేరున పంపడం మాత్రం వద్దే వద్దు. రేపు ఆదాయపు పన్నువాళ్లు అడిగితే ప్రతి ఐదొందలకీ మీరు సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇక అటునుంచి ఇటు. న్యూజెర్సీ బాబూ, నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే నీ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకి పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారి ఓసీఐ తీసుకుని ఉంటే వస్తుంది, అప్పుడు పుచ్చుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ కంపెనీ కలిపే డబ్బుకీ అంతే.

గాజువాక_గణ
బాబాయ్ లెక్క విన్నాక నా మాట. మనం కిందామీదా పడి ఒక లక్ష పోగేస్తాం అనుకుందాం. అమెరికా ల్యాబులో అది టీ ఖర్చు. అదే లక్ష ఇక్కడ ఏదైనా పనికొస్తుందా, అది చెప్పండి. నేను ఈ పనికి అడ్డం కాదు, లక్షని సముద్రంలో పోయడానికి అడ్డం.

ల్యాబ్_కోట్
వస్తుంది. మాస్టారు రాసింది మళ్లీ చదవండి. జ్వరం తగ్గినా తేరుకోనివాళ్లు. మన రాష్ట్రంలో 2006 చికున్‌గున్యా గుర్తున్న వాళ్లు చెప్పండి, కీళ్లు ఎన్నాళ్లకి వదిలాయి? కోవిడ్ తర్వాత ఎంతమంది ఇలాగే కూలబడ్డారు? 2025లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు లైమ్ తర్వాత మిగిలే దీర్ఘకాల బాధల మీద ఒక నివేదిక ఇచ్చాయి. మూలకారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా ఉపశమనమిచ్చే వైద్యాలని ఇప్పుడే పరీక్షించమన్నాయి, లాంగ్ కోవిడ్ లాంటి తోటి జబ్బుల నుంచి నేర్చుకోమన్నాయి. అంటే ఈమె జబ్బుకి కావలసిన జ్ఞానంలో కొంత పాడేరులో కూడా దొరుకుతుంది.

స్క్రబ్ టైఫస్ మందుల మీద పెద్ద ట్రయల్ చేసింది మన దేశంవాళ్లే. వెల్లూరు సీఎంసీ నేతృత్వంలో జరిగిన ఆ పని 2023లో అచ్చయింది, తీవ్రంగా ఉన్నవాళ్లకి రెండు మందులు కలిపి ఇస్తే ఒక్కదానికన్నా మేలని తేలింది. అది ఆస్పత్రి వరకు. ఇంటికెళ్లిన ఆరు నెలలకి మనిషి ఎలా ఉన్నాడు అన్నది చూడ్డానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ప్రశ్నాపత్రం, ఫోన్ చేసే మనిషి, బస్సు ఖర్చులు. మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీలకి థీసిస్ ఎలాగూ కావాలి. గైడుగా ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రోగుల పేర్లు మన చేతికి రావు, రాకూడదు కూడా. ఇవన్నీ కుదిరితే మీ లక్ష నిజంగా కనపడుతుంది.

ఎంవీపీ_అమ్మాయి
ఒప్పుకుంటున్నాను, ఒక్క మెలికతో. లైమ్ పేరు తీసేసి "నీరసం అధ్యయనం" అనేస్తే నాలాంటి వాళ్లు మళ్లీ మాయమైపోతారు. ఉద్యోగాలకి, చదువులకి అమెరికా, యూరప్ వెళ్లి ఇది తగిలించుకుని తిరిగొచ్చేవాళ్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుండను. వచ్చాక డాక్టరు "ఎక్కడ ఉండొచ్చారు?" అని అడిగితే సగం పని అయిపోతుంది. వాళ్లకోసం తెలుగులో ఒక పేజీ కాగితం తయారుచేద్దాం, ల్యాబ్_కోట్ గారు రాస్తే నేను సరిచూస్తాను. అమెరికా వైపు ఇవ్వాలనుకున్నవాళ్లు నేరుగా వాళ్లే ఇచ్చుకోవాలి, మన చేతి మీదుగా వద్దు.

న్యూజెర్సీ_వైజాగ్
సరే. నాది ఇండియన్ పాస్‌పోర్టే బాబాయ్. ఇక్కడ హాప్కిన్స్ కేంద్రానికి నా వంతు ఇస్తాను, కంపెనీ కలిపేది అక్కడికే పోతుంది. వైజాగ్ పనికి విడిగా పంపుతాను, సంస్థ ఏదో తేలాక.

పాడేరు_మాస్టారు
జ్వరం వచ్చి తగ్గినవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కువి, ఆదివాసీ ఒరియా భాషలు వచ్చిన మనిషి తోడుండాలి. ప్రశ్నాపత్రంలో "మెట్లు ఎక్కగలరా" అని రాయకండి, మా ఊళ్లలో మెట్లెక్కడివి. "కొండ మీది పోడుకి నడిచి వెళ్లగలుగుతున్నారా, నీళ్లబిందె మోయగలుగుతున్నారా" అని అడగండి.

లెక్కల_బాబాయ్
కొత్త ట్రస్టు పెట్టొద్దు. ఇప్పటికే 80జీ ఉన్న సంస్థని చూసుకుని, ఈ పనికే అని రాతపూర్వకంగా తీసుకుని, దాని ఖాతాలోకే వేయించండి. నగదు రెండు వేలు దాటితే ఇచ్చినవాళ్లకి రాయితీ రాదు, ముందే చెప్పండి.

సీతమ్మధార_పిన్ని
ఆదివారం అందరూ ఒకసారి కలవండి. బీచ్ రోడ్డులో నడక అదీ అన్నారు, ఈ పిల్ల నడవలేదు కదా, దాని పేరు మీద నడక పెట్టి దాన్ని పడకేయిస్తారా?

గాజువాక_గణ
శివాజీ పార్కు, సాయంత్రం ఐదు. బెంచీలున్నాయి. నేను ముందే వెళ్లి గేటు దగ్గరున్నవి ఆపుతాను. మెడికల్ కాలేజీలో మా బావమరిది క్లాస్‌మేట్ ఒకాయన ఉన్నాడు, ఏ ప్రొఫెసర్‌ని అడగాలో ఈలోగా కనుక్కుంటాను.

ఎంవీపీ_అమ్మాయి
వస్తాను. ఆ రోజు ఓపిక లేకపోతే వీడియో కాల్‌లో ఉంటాను, నాకోసం వాయిదా వెయ్యకండి. ల్యాబ్_కోట్ గారూ, ఆ ఒక పేజీ కాగితంలో పిడుదు తీసే పద్ధతి పైన పెట్టండి, టెస్టుల సంగతి కిందకి.